నేలను కాపాడుకోవడంలో దేశాల సహకారం: శ్రీకాకుళం, విజయనగరం రైతులు తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో నేల గురించి నలుగురు కూర్చుని మాట్లాడుకున్నప్పుడల్లా ఇంచుమించు ఇవే ప్రశ్నలు వస్తాయి. కొన్ని రైతులు అడిగినవి, కొన్ని వ్యవసాయం చదువుతున్న పిల్లలు అడిగినవి. రెండు ముక్కల్లో తేలిపోయేవాటికి రెండు ముక్కలే రాశాను. విడమరిచి చెప్పాల్సిన చోట కాస్త ఓపిగ్గా చదవండి.

ఎక్కడో రోమ్‌లో జరిగే మీటింగులకీ మా మెట్ట చెక్కకీ ఏమిటి సంబంధం?

పైకి ఏమీ కనిపించదు. కానీ ఊళ్లో ప్రకృతి వ్యవసాయం నేర్పుతున్న కార్యక్రమం వెనక జర్మనీ అభివృద్ధి బ్యాంకు ఇచ్చిన అప్పు ఉంది. గట్టు మీద వట్టివేరు నాటమని శాస్త్రవేత్తలు చెప్పడం వెనక ప్రపంచ బ్యాంకు 1980లలో చేసిన ప్రచారం ఉంది. చెరువుల మరమ్మతు పథకాల్లో జపాన్ రుణం ఉంది.

రోమ్ అనడానికి కారణం, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ, అంటే ఎఫ్ఏఓ, అక్కడుంది. ఆ సంస్థ ఆధ్వర్యంలో 2015లో వెలువడిన నివేదిక ప్రకారం ప్రపంచంలో 33 శాతం నేల ఒక మోస్తరు నుంచి తీవ్రంగా దెబ్బతింది. కోత, చౌడు, గట్టిపడటం, ఆమ్లత్వం, రసాయన కాలుష్యం, ఇవీ కారణాలు. మన రెండు జిల్లాల్లో వీటిలో చాలావాటికి ఉదాహరణ చూపించవచ్చు.

ఒప్పందం మట్టిని ఆపదు. మట్టిని ఆపేది గట్టూ, గడ్డీ, వేరూ. అయితే ఒక దేశంలో పనికొచ్చిన పద్ధతిని ఇంకో దేశానికి చేర్చడం, దానికి డబ్బు సర్దడం, ఇచ్చిన మాట గురించి ప్రభుత్వాన్ని నిలదీసే అవకాశం ఇవ్వడం, ఈ మూడూ ఒప్పందాల వల్లే జరుగుతాయి. ఆ మూడూ రైతుకు కావాలి.

ఒక్క వానకి పోయే మట్టి ఎంతని?

ఎకరం అంటే సుమారు 4,047 చదరపు మీటర్లు. ఆ ఎకరం మీద నుంచి ఒక్క మిల్లీమీటరు మందం మట్టి పోయిందనుకోండి. నాలుగు ఘనపు మీటర్లు, బరువులో ఐదు టన్నులు. దాదాపు రెండు ట్రాక్టర్ల మట్టి. మిల్లీమీటరు మందం మన కంటికి ఆనదు కాబట్టి ఏళ్ల తరబడి పోతున్నా పోయినట్టే తెలీదు.

గజపతినగరం, మెంటాడ, దత్తిరాజేరు వైపు ఎర్ర నేలల్లో వాలు వెంబడి దున్ని మొక్కజొన్న వేసిన పొలాలుంటాయి. గట్టి వాన వెలిశాక అలాంటి పొలంలో పై వైపున వంగి చూడండి. చిన్న చిన్న గులకరాళ్లు ఒక్కొక్కటీ పుల్లంత సన్నటి మట్టి దిమ్మె మీద నిలబడి కనిపిస్తాయి. రాయి గొడుగులా అడ్డం పడటంతో దాని కింద మట్టి మిగిలింది, చుట్టూ ఉన్నది కొట్టుకుపోయింది. ఆ దిమ్మె ఎత్తు ఎంతో, కనీసం అంత మట్టి పోయినట్టు లెక్క. తర్వాత పొలం దిగువ మూలకు వెళ్లండి. అక్కడ పేరుకున్న మెత్తటి ఒండ్రును చేతిలోకి తీసుకుంటే బూడిదలా నునుపుగా ఉంటుంది. మీరు వేసిన గత్తం సారమంతా అందులోనే ఉంది. అదైనా ఆ మూలన ఆగితే అదృష్టం. గెడ్డలో కలిస్తే ఇక మన చేతికి రాదు.

దేశం మొత్తానికి 1983లో వేసిన ఒక అంచనా ఇప్పటికీ వాడుకలో ఉంది. ఏటా 533 కోట్ల టన్నుల మట్టి కోతకు గురవుతోంది, సగటున హెక్టారుకు 16.4 టన్నులు. అందులో 29 శాతం సముద్రం పాలు, 10 శాతం జలాశయాల్లో పూడిక, మిగతాది ఒకచోటు నుంచి ఇంకో చోటుకు చేరుతోంది.

పోతే పోయింది, ఎరువు వేసుకుంటే సరిపోదా?

చాలదు. ఎరువు పోషకాన్ని ఇస్తుంది. నీటిని పట్టి ఉంచే గుణాన్ని ఇవ్వలేదు. పైమట్టి పోయిన చోట వారం రోజులు వాన తప్పితే మొక్క వాడిపోయేది అందుకే. రెండు మూడు సెంటీమీటర్ల మట్టి తయారవడానికి వెయ్యేళ్ల దాకా పట్టవచ్చని ఎఫ్ఏఓ చెబుతోంది.

దేశాల మధ్య ఉన్న ఒప్పందాలేమిటి? వాటికి బలం ఉందా?

మట్టి విషయంలో ప్రభుత్వానికి గట్టిగా దెబ్బ తగిలిన చోటుల్లో అమెరికా ఒకటి. 1930లలో అక్కడి మైదానాల్లో గడ్డినేలల్ని ఎడాపెడా దున్నేశారు. కరువు వచ్చేసరికి దుమ్ము తుపాన్లు లేచి రాజధాని దాకా చేరాయి. 1935లో అక్కడ నేల సంరక్షణకు ప్రత్యేకంగా ఒక ప్రభుత్వ శాఖే పెట్టారు. హ్యూ హామండ్ బెన్నెట్ దానికి తొలి అధిపతి. వాలుకు అడ్డంగా దున్నడం, పట్టీలుగా పంటలు వేయడం వంటివి అక్కడ ఊరూరా ప్రచారంలోకి తెచ్చారు.

అంతర్జాతీయంగా చూస్తే, 1981లో ఎఫ్ఏఓ ప్రపంచ నేలల పత్రం ప్రకటించింది. 2015లో దాన్ని సవరించారు. 1994లో ఎడారీకరణను అరికట్టే ఐక్యరాజ్యసమితి ఒడంబడిక వచ్చింది, 1996లో అమల్లోకి వచ్చింది. మన దేశం అందులో ఉంది. 2012లో గ్లోబల్ సాయిల్ పార్ట్‌నర్‌షిప్ పేరుతో దేశాలు, పరిశోధన సంస్థలు, రైతు సంఘాలు ఒక వేదిక మీదకు వచ్చాయి. సుస్థిర నేల యాజమాన్యానికి మార్గదర్శకాలు 2016లో ఖరారయ్యాయి. సుస్థిర అభివృద్ధి లక్ష్యాల్లో 15.3 అనే అంశం ఉంది. 2030 నాటికి పాడైన నేల ఎంతో, బాగుచేసిన నేల కనీసం అంత ఉండాలన్నది దాని సారం.

బలం సంగతంటారా, ఎడారీకరణ ఒడంబడిక తప్ప పైన చెప్పినవి చాలావరకు స్వచ్ఛందమే. మాట తప్పితే శిక్ష లేదు. నా దృష్టిలో ఇది పెద్ద లోటు. వాతావరణ మార్పు గురించి జరిగినంత చర్చ, పెట్టినంత ఒత్తిడి నేల విషయంలో జరగలేదు.

డిసెంబరు 5నే ప్రపంచ నేలల దినోత్సవం ఎందుకు?

థాయ్‌లాండ్ రాజు భూమిబల్ అదుల్యతేజ్ పుట్టినరోజు అది. ఆయన నేల సంరక్షణ మీద ఎంతో పని చేయించారు. 2013లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ ఆ తేదీని ఆమోదించింది, 2014 నుంచి అధికారికంగా జరుపుతున్నారు. మనకి ఆ సమయంలో వరి కోతలు, నూర్పిళ్లు. సభకు జనం తక్కువ వస్తారు. మన జిల్లాల్లో నేల గురించి సభ పెట్టాలంటే ఏరువాక పున్నమికి ముందు పెడితే వినే తీరిక ఉంటుంది, వెంటనే చేసే వీలూ ఉంటుంది.

ఎడారీకరణ అంటే రాజస్థాన్ గొడవ. వెయ్యి మిల్లీమీటర్ల పైన వాన పడే మనకెందుకు?

ఇసుక దిబ్బలు వస్తేనే నేల చెడినట్టు కాదు. వాన ఎంత పడిందన్నదాని కంటే ఎలా పడిందన్నది ముఖ్యం. మనకి అక్టోబరు వచ్చిందంటే తుపాను భయం. 2013లో పైలిన్, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ. రెండు రోజుల్లో కుంభవృష్టి కురిస్తే బోడి నేల తట్టుకోలేదు. ఆ తర్వాత జనవరి నుంచి మే దాకా అడపాదడపా జల్లులు తప్ప వాన ఉండదు. ఈ రెండు తాకిళ్ల మధ్య నేల నలిగిపోతోంది.

2019 సెప్టెంబరులో ఎడారీకరణ ఒడంబడిక సభ్యదేశాల 14వ సమావేశం మన దగ్గరే, గ్రేటర్ నోయిడాలో జరిగింది. 2030 నాటికి 2.6 కోట్ల హెక్టార్ల క్షీణించిన నేలను బాగుచేస్తామని భారతదేశం మాటిచ్చింది. అంతకుముందు చెప్పింది 2.1 కోట్లు. ఆ మాటలో మన చీపురుపల్లి మెట్టలూ, మెళియాపుట్టి వాలు భూములూ ఉన్నాయి. గ్రామసభలో వాటర్‌షెడ్ పనులు అడిగేటప్పుడు ఈ మాట గుర్తు చేయడంలో తప్పేమీ లేదు.

విదేశీ డబ్బు నిజంగా మన దాకా వస్తోందా?

వస్తోంది, కాకపోతే రైతు ఖాతాలో పడే రూపంలో కాదు. రాష్ట్ర ప్రభుత్వానికి చెందిన రైతు సాధికార సంస్థ 2016 నుంచి నడుపుతున్న ప్రకృతి వ్యవసాయ కార్యక్రమానికి జర్మనీ అభివృద్ధి బ్యాంకు కేఎఫ్‌డబ్ల్యూ రుణం ఇచ్చింది. చిన్న నీటి వనరుల మరమ్మతుకు జపాన్ సంస్థ జైకా, చెరువుల కింద సాగు మెరుగుకు ప్రపంచ బ్యాంకు రుణాలిచ్చాయి. ఈ డబ్బు శిక్షణ, సిబ్బంది, కట్టడాల రూపంలో ఊరికి చేరుతుంది.

ఇది అప్పు అన్న సంగతి మరవకూడదు. తీర్చేది మన ప్రభుత్వమే, అంటే మనమే. అందుకే మీ ఊరి చెరువు పనికి ఎంత మంజూరైంది, ఎంత ఖర్చయిందని అడగడం మీ హక్కు.

అప్పిచ్చిన వాళ్లు మా భూములు పట్టుకుపోతారేమో?

లేదు. ఒప్పందం ప్రభుత్వానికీ బ్యాంకుకీ మధ్య. మీ పట్టాదారు పాస్‌బుక్‌తో దానికి సంబంధం లేదు. ఊళ్లో ఎవరైనా వచ్చి మీ చేత నేరుగా సంతకం పెట్టించుకుంటుంటే మాత్రం అది వేరే వ్యవహారం. నేలలో కర్బనం పెంచినందుకు కంపెనీలు ఇస్తామనే డబ్బు, అంటే కార్బన్ క్రెడిట్ల గురించి కింద రాసింది చదవండి.

అన్నీ బయటి నుంచి తెచ్చుకోవడమేనా? మనం ప్రపంచానికి ఇచ్చిందేమీ లేదా?

చాలా ఉంది. ఈ విషయం మన పిల్లలకు గట్టిగా చెప్పాలి.

వట్టివేరు మన గడ్డ మీద పుట్టిన గడ్డి. మైసూరు ప్రాంతపు రైతులు ఎన్నో తరాలుగా పొలాల హద్దుల్లో నాటుకునేవారు. జాన్ గ్రీన్‌ఫీల్డ్ అనే నిపుణుడు 1950లలో ఫిజీ చెరకు తోటల్లో దీన్ని నేల కోతకు అడ్డంగా వాడి చూశారు. 1980లలో ఆయనా, రిచర్డ్ గ్రిమ్‌షా అనే మరో నిపుణుడూ ప్రపంచ బ్యాంకు తరఫున ఇండియాలో పనిచేస్తూ దీన్ని ప్రచారం చేశారు. ఆ తర్వాత ఇది ఆఫ్రికా, ఆసియా, లాటిన్ అమెరికా దేశాలకు పాకింది. వేరు నిట్టనిలువుగా మీటర్ల లోతుకు దిగుతుంది, పక్కలకు పాకి పంటకు పోటీ రాదు. మామూలుగా నాటే రకం విత్తనం రాల్చి కలుపై కూర్చోదు.

రెండోది, మన ఆంధ్రప్రదేశ్ ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం. 2024లో పోర్చుగల్‌లోని గుల్బెంకియన్ ఫౌండేషన్ ఇచ్చే మానవాళి బహుమతి దీనికి వచ్చింది. ఆ ఏడాది బహుమతిని ముగ్గురు పంచుకున్నారు. మిగతా ఇద్దరిలో ఒకరు నేల కర్బనం మీద జీవితమంతా పనిచేసిన భారత సంతతి శాస్త్రవేత్త రతన్ లాల్, ఇంకొకటి ఈజిప్టు ఎడారిలో సేంద్రియ సాగు చేస్తున్న సెకెం అనే సంస్థ. ఇక్కడి పొలాల్లో మహిళా సంఘాల అక్కచెల్లెళ్లు పడ్డ కష్టానికి దక్కిన గౌరవం అది. రైతుకు రైతే నేర్పడం మన పద్ధతికి ప్రాణం. ఎఫ్ఏఓ 2020లో మొదలుపెట్టిన సాయిల్ డాక్టర్స్ కార్యక్రమం నడిచేదీ అదే దారిలో.

మే నెలలో నవధాన్యాలు చల్లమంటున్నారు. వాన లేకుండా విత్తనం ఏం మొలుస్తుంది?

అందరికీ వచ్చే అనుమానమే. దీన్ని వానకు ముందు పొడి విత్తనం అంటారు. పప్పు, చిరుధాన్య, నూనెగింజ, ఆకుకూర విత్తనాలు రకరకాలు కలిపి, బీజామృతం (ఆవు పేడ, మూత్రంతో చేసే విత్తన శుద్ధి ద్రావణం) పట్టించి, బంకమట్టి, ఘన జీవామృతం (పేడతో చేసే పొడి ఎరువు) పూతలు వేసి ఆరబెడతారు. ఆ పూత వల్ల చీమలూ పిట్టలూ తినడం తగ్గుతుంది, చిన్న జల్లు పడితే ఆ తేమ గింజ చుట్టూ నిలుస్తుంది. పొలంలో గడ్డీ గాదం కప్పి ఉంటే ఇంకా మంచిది.

అసలు లాభం జూన్ మొదటి వానప్పుడు కనిపిస్తుంది. పక్క పొలంలో చినుకు నేరుగా మట్టిని కొట్టి బురద చిమ్ముతుంటే, ఇక్కడ ఆకు మీద పడి మెల్లగా దిగుతుంది. వేర్లు ఉన్న చోట నీరు లోపలికి ఇంకుతుంది. తర్వాత ఆ పైరును పశువులకు కోసుకోవచ్చు, లేదా కలియదున్ని వరి వేసుకోవచ్చు.

అన్ని పొలాల్లో ఒకే తీరుగా మొలుస్తుందని చెప్పను. ఎండ మరీ మండిన ఏడాది, జల్లులు పూర్తిగా తప్పిన చోట పల్చగానే వస్తుంది.

అంతకంటే పెద్ద సమస్య పశువులు. కోతలయ్యాక ఊరి పశువుల్ని వదిలేయడం మనకు అలవాటు. ఊరంతటికీ ఒక్కరే నవధాన్యాలు వేస్తే మందంతా అక్కడే మేస్తుంది. చైనాలో లోయెస్ పీఠభూమి అనే చోట ప్రపంచ బ్యాంకు సాయంతో 1994 నుంచి పెద్ద ఎత్తున నేల బాగుచేశారు. మెట్లు కట్టారు, చెట్లు నాటారు. వాటితోపాటు మేకలూ గొర్రెల విచ్చలవిడి మేతను ఆపి కొట్టాల్లో మేపడం కూడా కీలకమైంది. అక్కడ పై నుంచి ఆంక్షలు పెట్టగలిగారు. మనకి ఊరి కట్టుబాటే దారి. మేకలు, గొర్రెలే ఆధారమైన కుటుంబాలను పక్కన పెట్టి చేసే కట్టుబాటు నిలవదు, నిలవకూడదు కూడా. వాళ్లకి మేత ఎక్కడో ముందు తేల్చాకే నవధాన్యాల మాట ఎత్తాలి.

ఒక్కసారిగా యూరియా మానేయమంటారా?

వద్దు. శ్రీలంక 2021లో రసాయన ఎరువుల దిగుమతిని రాత్రికి రాత్రి ఆపేసింది. వరి, తేయాకు దిగుబడులు పడిపోయాయి. ఆ ఏడాది నవంబరుకల్లా నిర్ణయాన్ని వెనక్కి తీసుకుంది. ఏళ్ల తరబడి యూరియాకు అలవాటుపడ్డ నేలలో సేంద్రియ పదార్థం పెరగకుండా ఎరువు ఆపేస్తే పైరుకు ఆకలి తప్పదు. ఒక మడితో మొదలుపెట్టి, గత్తం, జీలుగ, జనుము, పిల్లిపెసర వంటి పచ్చిరొట్ట పెంచుకుంటూ, పరీక్ష ఫలితాలు చూసుకుంటూ యూరియా తగ్గించుకోండి. ప్రకృతి వ్యవసాయం గురించి వినిపించే ఖర్చు లేని వ్యవసాయం (జీరో బడ్జెట్) అన్న వాదన మీద 2019లో జాతీయ వ్యవసాయ శాస్త్రాల అకాడమీ గట్టి అభ్యంతరాలు చెప్పింది. ఆ ప్రశ్నలను తోసిపుచ్చకుండా పొలంలో కొలిచి చూపించడమే సరైన జవాబు.

నాగావళి, వంశధార ఒడిశా నుంచి వస్తాయి. పైన వాళ్లు కొండలు గుల్ల చేస్తే కింద మనం ఏం చేయగలం?

ఇది నాకు అన్నింటికంటే ముఖ్యమైన ప్రశ్న. రెండు నదులూ ఒడిశా కొండల్లో, కలహండి ప్రాంతంలో పుట్టి వస్తాయి. నాగావళి కల్లేపల్లి దగ్గర, వంశధార కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తాయి. అక్కడ అడవి పోతే ఆ మట్టి మన తోటపల్లికీ గొట్టా బ్యారేజీకీ చేరుతుంది. వంశధార నీళ్ల పంపకానికి ట్రిబ్యునల్ వేసుకున్నాం. ఆ నీళ్లలో కొట్టుకొచ్చే మట్టి గురించి మాట్లాడుకునే చోటు మాత్రం లేదు.

దేశాలే ఈ పని చేసుకుంటున్నాయి. మెకాంగ్ నది మీద థాయ్‌లాండ్, లావోస్, కంబోడియా, వియత్నాం 1995లో ఉమ్మడి కమిషన్ పెట్టుకున్నాయి. నీటి మట్టంతోపాటు నది మోసుకొచ్చే ఒండ్రునూ కొలిచి లెక్కలు పంచుకుంటున్నాయి. నాలుగు దేశాలు చేయగలిగింది ఒకే దేశంలోని రెండు రాష్ట్రాలు చేయలేవా?

మొదలుపెట్టడానికి ఆధారం కూడా ఉంది. తూర్పు కనుమల నేలల మీద పనిచేసే కేంద్ర పరిశోధన కేంద్రం కొరాపుట్ జిల్లా సునాబెడలో ఉంది. మనవైపు నైరాలో వ్యవసాయ కళాశాల ఉంది, ఆమదాలవలస, విజయనగరంలో వ్యవసాయ పరిశోధన స్థానాలున్నాయి. కొరాపుట్ సంప్రదాయ వ్యవసాయాన్ని ఎఫ్ఏఓ 2012లో ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. అంత పేరున్న ప్రాంతానికి మన రైతుల్ని చూడ్డానికి తీసుకెళ్లాలి, అక్కడి వాళ్లను మన దగ్గరికి పిలవాలి.

కొండవాలు మీద సాగు మానకుండా మట్టిని ఆపే దారి ఉందా?

ఉంది. ఫిలిప్పీన్స్‌లోని మిండనావో దీవిలో 1970లలో ఒక పద్ధతి రూపుదిద్దుకుంది. వాలుకు అడ్డంగా సుబాబుల్ లాంటి మొక్కల్ని రెండు వరుసలుగా ఒత్తుగా నాటుతారు. కొన్ని మీటర్లకొక కంచె. మధ్యలో పంట. కంచెను కత్తిరించి ఆ రొట్టనే పంట మొదట్లో వేస్తారు. పై నుంచి జారే మట్టి ప్రతి కంచె దగ్గరా ఆగి, ఏళ్లు గడిచేకొద్దీ మెట్లలా తయారవుతుంది. సీతంపేట వైపు అనాస ఎలాగూ వాలు మీదే వేస్తారు. ఆ వరుసల్ని పై నుంచి కిందికి కాకుండా అడ్డంగా వేస్తే అవే కంచెలా పనిచేస్తాయి.

అడ్డం అంటే ఎటో కంటితో చెప్పలేం. దానికి ఇంజనీరు అక్కర్లేదు. రెండు పొడవాటి వెదురు కర్రల్ని పైన కలిపి కట్టి, మధ్యలో ఒక అడ్డకర్ర బిగించండి. పైనుంచి తాడుకు రాయి వేలాడదీయండి. చదునైన చోట నిలబెట్టి తాడు అడ్డకర్రను ఎక్కడ తాకిందో గుర్తు పెట్టండి. కాళ్లు మార్చి పెట్టి మళ్లీ చూడండి. రెండు గుర్తులకూ సరిగ్గా మధ్యలోది సమం. ఇక కొండ మీద ఒక కాలు ఆనించి, తాడు ఆ గుర్తు మీదకు వచ్చేదాకా రెండో కాలు పైకీ కిందికీ జరపండి. వచ్చిన చోట పుల్ల గుచ్చండి. అలా పుల్లలు గుచ్చుకుంటూ పోతే ఏర్పడే గీతే నాటాల్సిన వరుస.

వరదకు పొలంలో ఇసుక మేట వేసింది. సాయం ఉంటుందా?

విపత్తు సాయం నిబంధనల్లో దీనికి చోటుంది. సాగు భూమిలో మూడు అంగుళాలకు మించి ఇసుక లేదా ఒండ్రు మేట వేస్తే తొలగించుకోవడానికి చిన్న, సన్నకారు రైతులకు సాయం ఇస్తారు. అధికారి ధ్రువీకరించాలి. అందుకే మేటను కదపకముందే ఫొటో తీసి, కర్ర గుచ్చి మందం కొలిచి, రెవెన్యూ, వ్యవసాయ సిబ్బందికి చూపించండి. మేటలో ఒండ్రు పాలు ఎక్కువుంటే అంతా తీసేయక్కర్లేదు, కింది మట్టితో కలిపి దున్నుకోవచ్చు.

సంతబొమ్మాళి, నౌపడ వైపు నేల ఉప్పెక్కుతోంది. జిప్సం వేస్తే పోతుందా?

ఇక్కడ చాలామంది డబ్బు పోగొట్టుకుంటున్నారు. జిప్సం పనిచేసేది సోడియం పేరుకుపోయిన కారు చౌడుకు. సముద్రపు నీటి వల్ల ఉప్పెక్కిన నేలకు ముఖ్యంగా కావాల్సింది మంచి నీటితో ఉప్పును కడిగి బయటికి పంపే మురుగు కాలువ. ముందు పరీక్షలో ఉదజని సూచిక (పీహెచ్), లవణ పరిమాణం చూడండి. కొంత ఉప్పును జీలుగ తట్టుకుంటుంది.

భూసార పరీక్ష ఎలా చేయించాలి? ఫలితాన్ని నమ్మవచ్చా?

పంట కోశాక, ఎరువు వేయకముందు మట్టి తీయాలి. గట్ల పక్కన, చెట్ల నీడలో, గత్తం కుప్ప పోసిన చోట తీయకూడదు. పైన చెత్త పక్కకు నెట్టి, జానెడు లోతున ఇంగ్లీషు వి ఆకారంలో గుంట తీసి, దాని పక్క నుంచి పైనుంచి కిందిదాకా పలచగా ఒక పొర చెక్కి తీసుకోవాలి. ఇలా పొలమంతటా అక్కడక్కడా తీసి కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురువి పారేస్తూ అరకిలో మిగల్చండి. నీడలో ఆరబెట్టండి.

2015 ఫిబ్రవరిలో మొదలైన భూసార కార్డు (సాయిల్ హెల్త్ కార్డు) పథకంలో 12 అంశాలు చూస్తారు. అన్నిటికంటే ముందు సేంద్రియ కర్బనం అంకె చూడండి. 0.5 శాతం లోపు ఉంటే తక్కువ, 0.75 పైన ఉంటే మంచిది. ఒకే మట్టికి రెండు ల్యాబుల్లో రెండు ఫలితాలొచ్చే ఇబ్బంది ప్రపంచమంతటా ఉంది. పద్ధతుల్ని ఒకే తీరుకు తేవడానికే 2017లో ఎఫ్ఏఓ కింద ప్రపంచ భూసార ప్రయోగశాలల నెట్‌వర్క్ ఏర్పడింది.

కార్బన్ క్రెడిట్లకు డబ్బిస్తామని ఒక కంపెనీ వాళ్లు వచ్చారు. సంతకం పెట్టవచ్చా?

తొందరపడకండి. నేలలో కర్బనం పెంచితే వాతావరణానికి మేలన్నది నిజం. 2015 పారిస్ సదస్సులో ఫ్రాన్స్ మొదలుపెట్టిన వెయ్యికి నాలుగు అనే కార్యక్రమం ఆ ఆలోచన మీదే నడుస్తోంది. వ్యవసాయంలో స్వచ్ఛంద కార్బన్ మార్కెట్‌కు కేంద్రం 2024 జనవరిలో విధివిధానాలు ప్రకటించింది. అయినా మీ ముందు పెట్టిన కాగితం వేరు. అది తెలుగులో ఉందా, ఎన్నేళ్లకు కట్టిపడేస్తోంది, మధ్యలో పంట మారిస్తే ఏమవుతుంది, కొలిచేదెవరు, వచ్చినదాంట్లో మీ వాటా ఎంత, ఇవన్నీ రాతపూర్వకంగా ఉండాలి. లేకపోతే వద్దనండి.

నేను కౌలు రైతుని. వచ్చే ఏడాది ఈ పొలం నాకుంటుందో లేదో. గట్టు ఎందుకు వేయాలి?

ఈ ప్రశ్న అడిగినవాళ్లను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. గట్టు వేస్తే, చెరువు మట్టి తోలితే ఫలితం మూడు నాలుగేళ్లకు గానీ రాదు. రాష్ట్రంలో 2019 చట్టం కింద ఇచ్చే పంట సాగుదారుల హక్కు పత్రం గడువు 11 నెలలే. 11 నెలల కోసం ఎవరూ నేల మీద పెట్టుబడి పెట్టరు. 2012లో ప్రపంచ ఆహార భద్రత కమిటీ ఆమోదించిన భూ హక్కుల మార్గదర్శకాలు సాగుదారుకు భద్రత ఉండాలని చెబుతున్నాయి. మన దగ్గర నేల సంరక్షణ పథకాలు ఎన్ని వచ్చినా కౌలు భూముల్లోకి వెళ్లకపోవడానికి ఇదే అసలు కారణమని నేను గట్టిగా నమ్ముతాను. ఈలోగా భూ యజమానితో మూడేళ్లకు మాట తీసుకుని, చెరువు మట్టి ఖర్చు సగం ఆయన పెట్టుకునేలా కుదుర్చుకోగలిగితే ఇద్దరికీ లాభం.

సరే, ఈ ఏడాది మా ఊళ్లో ఎక్కడ మొదలుపెట్టాలి?

వాలు పై నుంచి మొదలుపెట్టండి. కింది రైతు ఎంత గట్టు వేసినా పై పొలం నీరు వచ్చి తెంపేస్తుంది, అందుకే పై రైతునీ కింది రైతునీ ఒకేసారి కూర్చోబెట్టాలి. కందకాలు, పంట కుంటలు ఉపాధి పనుల్లో పెట్టించుకోవడానికి గ్రామసభలో పేర్లు ముందే రాయించండి. వేసవిలో చెరువు ఎండగానే మట్టి తోలుకోండి. ఆ మట్టిని కూడా ఒకసారి పరీక్ష చేయించి తోలితే మంచిది. విత్తనం, శిక్షణ గురించి రైతు సేవా కేంద్రంలోనూ, ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రంలోనూ, పార్వతీపురం వైపు వాళ్లయితే రస్తాకుంటుబాయి కేంద్రంలోనూ అడగండి.

వట్టివేరు పిలకలు నాటడానికి వానలు నిలదొక్కుకున్న జులై, ఆగస్టు మంచి అదను. ఆకు జానెడు మిగిల్చి కత్తిరించి, పిలకకు పిలకకు 10 నుంచి 15 సెంటీమీటర్లు ఎడం ఉంచి ఒకే వరుసలో నాటండి. మధ్యలో ఒక్క పిలక చచ్చినా నీరు ఆ సందులోంచే దారి చేసుకుంటుంది. కాబట్టి నెల తిరిగేసరికి ఖాళీలు చూసి మళ్లీ పూడ్చండి. మొదటి ఏడాది పశువులు తొక్కకుండా చూసుకుంటే చాలు.